ఏటవాలు గీతకు అటూ ఇటూ: ‘కొలిజన్ కోర్స్’ను ఏమని పిలవాలి?

పాటల యాప్‌లో ‘నమ్/ఆంకోర్’ అని వెతకండి. పేరు మధ్యలో ఒక ఏటవాలు గీత కనిపిస్తుంది. దాని కింద రెండు పేర్లుంటాయి: జే-జీ, లింకిన్ పార్క్. ఒకరు న్యూయార్క్ ర్యాపర్, మరొకరు కాలిఫోర్నియా ర్యాప్-రాక్ బ్యాండ్. ఈ పాట ఉన్న ‘కొలిజన్ కోర్స్’ను ఒక చోట రీమిక్స్ అంటారు, మరో చోట మాషప్ అంటారు. ఇంకో చోట ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) అని, వేరే చోట ఇద్దరూ కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్ అని రాస్తారు. 2024లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కొత్త గాయనితో, ‘ఫ్రమ్ జీరో’ ఆల్బమ్‌తో లింకిన్ పార్క్ మళ్లీ రంగంలోకి దిగింది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లి పాత పాటలు వింటున్న వాళ్లకు ఈ గందరగోళం తప్పక ఎదురవుతుంది.

పేరులో ఏముందిలే అని వదిలేసే విషయం కాదిది. ఏ పేరుతో పిలుస్తామన్న దాన్ని బట్టి ఆ పాటను ఎవరు చేశారు, హక్కు ఎవరిది, అది కొత్త పాటా పాత పాటా అన్న ప్రశ్నలకు జవాబులు మారిపోతాయి.

## ముందు అయిదు మాటలు విడదీద్దాం

ర్యాప్-రాక్ అంటే గిటార్, బేస్, డ్రమ్స్ మోగే రాక్ వాద్యబృందం మీద ర్యాప్ చెప్పడం. 1986లో రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం రాక్ బ్యాండ్ ఏరోస్మిత్‌తో కలిసి వాళ్ల పాత పాట ‘వాక్ దిస్ వే’ని మళ్లీ రికార్డు చేసింది. ఈ రెండు సంగీతాలకు మామూలు శ్రోతల మధ్య చుట్టరికం కలిపింది ఆ పాటే. అందులో నిర్మాతగా పనిచేసిన రిక్ రూబిన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. లింకిన్ పార్క్‌కు బయటి ర్యాపర్ అవసరం లేదు. బ్యాండ్‌లోనే మైక్ షినోడా ర్యాప్ చెబుతాడు, చెస్టర్ బెన్నింగ్టన్ పాడేవాడు, అరిచేవాడు.

రీమిక్స్‌లో ఒకే పాట ఉంటుంది. దాని గొంతు ట్రాక్‌లను ఉంచి చుట్టూ ఉన్న సంగీతాన్ని మారుస్తారు. లింకిన్ పార్క్ 2002 జూలైలో తెచ్చిన ‘రీఅనిమేషన్’ ఈ కోవలోది. తమ తొలి ఆల్బమ్ ‘హైబ్రిడ్ థియరీ’ పాటలనే ఇతర నిర్మాతలకు, ర్యాపర్లకు ఇచ్చి కొత్త రూపాల్లో తెచ్చారు.

శాంపిల్ అంటే మరొకరి రికార్డింగ్ నుంచి ఒక ముక్క తీసుకుని, దాన్ని ఇటుకలా వాడి కొత్త పాట కట్టడం. జే-జీ ‘ఆంకోర్’ అసలు రూపమే దీనికి ఉదాహరణ. దాన్ని తయారుచేసిన కాన్యే వెస్ట్, జమైకా గాయకుడు జాన్ హోల్ట్ పాడిన ‘ఐ విల్’ను శాంపిల్ చేశాడు. ఆ ‘ఐ విల్’ మొదట బీటిల్స్ పాట. అంటే లింకిన్ పార్క్ చెయ్యి పడకముందే ఆ పాటలో మూడు తరాలున్నాయి.

మాషప్ అంటే ఇప్పటికే ఉన్న రెండు పాటలను ఒకదానిమీద ఒకటి పేర్చడం. సాధారణంగా ఒకదాని గొంతు, మరొకదాని వాద్యం తీసుకుంటారు. ఆ రెండు పాటలు చేసిన వాళ్లకు ఒకరి ముఖం ఒకరికి తెలియకపోయినా ఇది జరిగిపోతుంది.

ఇక సహకార ఆల్బమ్. ఇరుపక్షాలూ ఒకే పని మీద కూర్చుని చేసిన రికార్డు. 2009లో ‘ద బ్లాక్ కీస్’ అనే బ్లూస్-రాక్ జంట మాస్ డెఫ్, రేక్వాన్, లుడాక్రిస్ వంటి ర్యాపర్లతో ‘బ్లాక్‌రాక్’ చేసింది. అందులో పాత పాటల అతుకులు లేవు, పాటలు కొత్తగా పుట్టాయి. 1993లో ‘జడ్జ్‌మెంట్ నైట్’ సినిమా ఆల్బమ్‌లో ప్రతి పాటకూ ఒక రాక్ బ్యాండునూ ఒక ర్యాప్ బృందాన్నీ జత చేశారు. స్లేయర్ ఐస్-టీతో, పెర్ల్ జామ్ సైప్రస్ హిల్‌తో కలిసింది అందులోనే.

‘కొలిజన్ కోర్స్’ చివరి రెండు మాటల మధ్య ఉన్న గట్టు మీద నిలబడింది. పాటలు పాతవి, గొంతులు మాత్రం కొత్తగా రికార్డయినవి. అన్ని చిక్కులూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

## అనుమతి లేని ప్రయోగం నుంచి అనుమతి ఉన్న ప్రయోగం దాకా

2003 నవంబరులో జే-జీ ‘ద బ్లాక్ ఆల్బమ్’ విడుదల చేశాడు, ఇదే నా వీడ్కోలు అన్నాడు. ‘ఆంకోర్’ ఆ వీడ్కోలు సభలో పాడే పాటలా ఉంటుంది. ఆ తర్వాత ఆ ఆల్బమ్‌లోని గొంతులను మాత్రమే, వాద్యం లేకుండా, విడిగా విడుదల చేశారు. ఇక రీమిక్స్ చేసేవాళ్లకు పండగే.

2004 ఫిబ్రవరిలో డేంజర్ మౌస్ అనే నిర్మాత ఆ గొంతులను బీటిల్స్ 1968 నాటి ‘వైట్ ఆల్బమ్’ ధ్వనులతో కలిపి ‘ద గ్రే ఆల్బమ్’ చేశాడు. తెలుపూ నలుపూ కలిస్తే బూడిద రంగు అని ఆ పేరు. బీటిల్స్ రికార్డింగుల హక్కులున్న ఈఎంఐ సంస్థ వెంటనే ఆపమంది. దానికి నిరసనగా ఫిబ్రవరి 24న సుమారు 170 వెబ్‌సైట్లు ఆ ఆల్బమ్‌ను ఒక్కరోజు ఉచితంగా పెట్టాయి. మాషప్ అన్న మాట అప్పుడే క్లబ్బుల నుంచి వార్తల్లోకి వచ్చింది.

సంగీత టీవీ చానల్ ఎంటీవీకి ఈ ఊపు కనిపించింది. ఇదే పని అనుమతితో, కళాకారులనే కూర్చోబెట్టి చేయిద్దామని జే-జీని అడిగింది. ఆయన లింకిన్ పార్క్‌ను ఎంచుకున్నాడు. కబురు అందాక షినోడా జవాబు రాసే ముందే తన కంప్యూటర్‌లో మూడు నమూనాలు కట్టి పంపాడు. ఇప్పుడు రికార్డులో మొదట వినిపించే మూడు పాటలూ అవే: ‘డర్ట్ ఆఫ్ యువర్ షోల్డర్/లయింగ్ ఫ్రమ్ యూ’, ‘బిగ్ పింపిన్/పేపర్‌కట్’, ‘జిగ్గా వాట్/ఫెయింట్’.

2004 జూలైలో నాలుగు రోజుల పాటు లాస్ ఏంజెలెస్‌లోని ఎన్‌ఆర్‌జీ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. ఆ వారంలోనే వెస్ట్ హాలీవుడ్‌లోని రాక్సీ అనే చిన్న థియేటర్లో కచేరీ పెట్టి చిత్రీకరించారు. నవంబరు 30న సీడీ, డీవీడీ కలిపి విడుదలయ్యాయి. మొత్తం ఆరు ట్రాకులు, సుమారు 21 నిమిషాలు. అమెరికాలో మొదటి వారం 3,68,000 ప్రతులు అమ్ముడై ఆల్బమ్‌ల అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానం దక్కింది.

## రెండు బీట్ల తేడా ఎంత పని చేస్తుంది?

నా దృష్టిలో ఈ రికార్డు గుట్టంతా లయలో ఉంది. కొంచెం లెక్క చేయాలి, ఓపిక పట్టండి.

పాట వేగాన్ని నిమిషానికి ఎన్ని బీట్లు అని కొలుస్తారు. ‘నమ్’ అసలు పాట వేగం 110. అంటే ఒక్కో బీట్‌కు 60ని 110తో భాగించగా 0.545 సెకను. నాలుగు బీట్లు ఒక బార్, మన లెక్కలో ఆదితాళంలో సగం అనుకోండి. ఒక బార్‌కు 2.18 సెకన్లు. ర్యాప్ చరణం మామూలుగా 16 బార్లుంటుంది, అంటే 34.9 సెకన్లు.

ఇప్పుడు 108 వేగంతో రికార్డయిన ర్యాప్ చరణం ఒకటి తెచ్చి ఈ వాద్యం మీద పెట్టామనుకుందాం. ఆ చరణం 35.6 సెకన్లు పడుతుంది. తేడా 0.65 సెకను. చూడటానికి ఏమీ లేదు. కానీ ఒక బీట్ నిడివి 0.545 సెకనే కదా! చరణం ముగిసేసరికి గొంతు వాద్యం కంటే ఒక బీట్‌కు మించి వెనకబడిపోతుంది. మృదంగం సమం మీద వాలుతుంటే గాయకుడు ఒక అక్షరం తర్వాత వచ్చి వాలినట్టు. మొదటి నాలుగు బార్లు బాగానే ఉన్నట్టుంటుంది, ఎనిమిదో బార్‌కు ఏదో నలత, పన్నెండో బార్‌కు అపస్వరం లాంటి అపలయ. కొత్తగా మాషప్ చేసేవాళ్లు మొదటి పది సెకన్లు విని కుదిరిందని సంబరపడి మోసపోయేది ఇక్కడే.

దీనికి మందు టైమ్ స్ట్రెచింగ్. రికార్డయిన గొంతును సాఫ్ట్‌వేర్‌తో సాగదీయడమో కుదించడమో చేస్తారు. ఒకటి రెండు శాతం అయితే చెవి పట్టుకోలేదు. తేడా పెరిగితే కథ మారుతుంది. 90 వేగంలో చెప్పిన ర్యాప్‌ను 110కి తేవాలంటే 22 శాతం వేగం పెంచాలి. బీట్‌కు నాలుగు అక్షరాలు పలికే ర్యాపర్ 90లో సెకనుకు 6 అక్షరాలు పలుకుతాడు. 110లో అవి 7.3 అవుతాయి.

పాతకాలపు టేపులా మొత్తం వేగంగా తిప్పితే శ్రుతి కూడా పెరుగుతుంది. ఎంత? పన్నెండు స్వరస్థానాల లెక్కలో సుమారు మూడున్నర స్థానాలు. షడ్జం నుంచి మొదలుపెడితే సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో పడుతుంది, ఏ స్వరానికీ చెందకుండా. గొంతు కూడా చిన్నపిల్లాడి గొంతులా పల్చబడుతుంది.

శ్రుతి కదలకుండా వేగం మాత్రమే మార్చే పద్ధతులున్నాయి. అవి ధ్వనిని సెకనులో అతి చిన్న ముక్కలుగా కోసి, కొన్నింటిని వదిలేసి లేదా రెండుసార్లు వాడి మళ్లీ అతుకుతాయి. అచ్చులు ఈ కోతను తట్టుకుంటాయి. ‘ఆ’ అన్న ధ్వనిలో రెండు ముక్కలు తీసేసినా ‘ఆ’గానే ఉంటుంది. హల్లులు తట్టుకోవు. ‘ట’, ‘క’, ‘ప’ లాంటివి ఒక్క పేలుడుతో అయిపోతాయి. ఆ పేలుడు మీద కోత పడితే అక్షరం మొద్దుబారుతుంది, లేదా నత్తిలా రెండుసార్లు వినిపిస్తుంది. తెలుగులో అయితే ‘పక్క’, ‘మొట్ట’ లాంటి ద్విత్వాలు చూడండి. రెండో హల్లుకు ముందు నాలుక ఒక లిప్త ఆగుతుంది. పాటను 20 శాతం సాగదీస్తే ఆ లిప్త మౌనం కూడా సాగి, మాట మధ్యలో విరిగినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి. ర్యాపర్ ఎప్పుడూ బీట్ మీద సూటిగా వాలడు. కొన్ని మాటలు రవ్వంత ముందు, కొన్ని రవ్వంత వెనక పెడతాడు. ఆ ఒరవడినే ఫ్లో అంటారు. 90 వేగంలో అందంగా ఉన్న ఆలస్యం 110లో తత్తరపాటులా తోస్తుంది. ఊపిరి తీసుకునే చోట్లు కూడా మారతాయి. మనిషి అయితే కొత్త వేగానికి తగ్గట్టు ఊపిరిని సర్దుకుంటాడు, యంత్రం ఊపిరిని కూడా అదే నిష్పత్తిలో కుదిస్తుంది.

షినోడా ఈ పనిలో మొదట నేర్చుకున్నానని చెప్పిన పాఠం కూడా ఇదే: వేగం ఒకటి రెండు బీట్లకు మించి మారితే ర్యాప్‌ను మళ్లీ చెప్పించాల్సిందే. అందుకే జే-జీ పాత ట్రాకులను అతికించకుండా, స్టూడియోకు వచ్చి తన చరణాలను కొత్త వేగంలో మళ్లీ చెప్పాడు. బ్యాండ్ కూడా తన భాగాలను మళ్లీ వాయించింది. ‘నమ్/ఆంకోర్’ నడిచేది సుమారు 107 వేగంలో. అంటే ‘నమ్’ కూడా తన పాత వేగాన్ని వదులుకుని కాస్త నెమ్మదించింది. రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి ఒక్కో నిమిషం చిటికెలు వేసి లెక్కపెడితే ఆ మూడు బీట్ల తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

ఈ ఒక్క నిర్ణయం వల్లే దాన్ని ఉత్త మాషప్ అనడానికి నాకు మనసొప్పదు. మాషప్‌లో గాయకుడికి తన గొంతు ఎక్కడ పెట్టారో తెలియదు. ఇక్కడ గాయకుడు ఎదుటివాళ్ల వాద్యం వింటూ పాడాడు.

## శ్రుతి, గిటార్ గోడ

లయ కుదిరాక శ్రుతి. ర్యాప్‌కు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మాటలా సాగుతుంది కాబట్టి దాదాపు ఏ శ్రుతిలోనైనా ఇముడుతుంది. ‘నమ్’ ఎఫ్ షార్ప్ మైనర్‌లో ఉంటుంది. జే-జీ చరణం దానిమీద కూర్చోవడానికి పెద్దగా మార్పు అక్కర్లేదు. అదే ‘ఆంకోర్’ పల్లవిలా పాడే భాగం వచ్చినప్పుడు మాత్రం స్వరాలు కలవాలి. చెస్టర్ గొంతును మరో శ్రుతి మీద పెట్టాలంటే తిప్పలు ఇంకా ఎక్కువ. కాబట్టే ఇలాంటి పనిలో పాడేవాడి వాద్యాన్ని నేలగా ఉంచి, ర్యాపర్‌ను దాని మీదికి తీసుకురావడమే సులువు. రివర్స్‌లో చేస్తే కష్టం.

తర్వాతి గొడవ చోటు కోసం. డిస్టార్షన్ పెట్టి ధ్వనిని గరుకుగా మార్చిన గిటార్ సుమారు 100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) నుంచి 5,000 హెర్ట్జ్ దాకా గోడలా పరుచుకుంటుంది. మాట స్పష్టంగా అర్థం కావడానికి ముఖ్యమైన 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ భాగం పూర్తిగా ఆ గోడ వెనకే ఉంది. పాడేవాడు గొంతు పెంచి గోడ దూకగలడు, చెస్టర్ చేసింది అదే. మాటల మీద బతికే ర్యాపర్ దూకలేడు. అప్పుడు మిక్సింగ్ చేసేవాళ్లకు రెండు దారులు. ర్యాప్ నడిచేంతసేపు గిటార్‌లో 2,000–3,000 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించడం ఒకటి, గిటార్‌నే తీసి పక్కన పెట్టడం రెండోది. ‘నమ్/ఆంకోర్’ రెండో దారి పట్టింది. జే-జీ చెప్పేటప్పుడు ప్రధానంగా వినిపించేది ‘నమ్’ కీబోర్డు వరస, డ్రమ్స్.  

కింది స్థాయిలోనూ ఇదే పేచీ. హిప్‌హాప్ బీట్‌లోని కిక్ డ్రమ్, రాక్ బేస్ గిటార్ రెండూ 40–100 హెర్ట్జ్ మధ్యే మోగుతాయి. రెండింటినీ ఉంచితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, పెద్ద స్పీకర్లలో కూడా అడుగు లేని కుండలా వినిపిస్తుంది. ఒకదాన్ని కోయక తప్పదు.

‘పాయింట్స్ ఆఫ్ అథారిటీ/99 ప్రాబ్లమ్స్/వన్ స్టెప్ క్లోజర్’లో మూడు పాటలు కలిపినా అతుకు కనపడదు. దానికి కారణం ఉంది. ‘99 ప్రాబ్లమ్స్’ తయారుచేసింది రిక్ రూబిన్, పైన చెప్పిన ‘వాక్ దిస్ వే’ మనిషే. ఆ బీట్ పుట్టుకతోనే రాక్ గిటార్, రాక్ డ్రమ్స్. అంటే పెళ్లికి ముందే ఒక ఇంటి అలవాట్లు మరో ఇంట్లో ఉన్నాయి. అదే రూబిన్ తర్వాత లింకిన్ పార్క్ 2007 ఆల్బమ్ ‘మినిట్స్ టు మిడ్‌నైట్’కు షినోడాతో కలిసి నిర్మాత అయ్యాడు.

## ఒక పాటలో ఎందరి హక్కులు?

పాటకు రెండు రకాల హక్కులుంటాయి. మాటలు, బాణీ రాసినవాళ్లది ఒకటి, దాన్నే కంపోజిషన్ హక్కు అంటారు. ఆ పాటను రికార్డు చేసిన ధ్వనిపై హక్కు మరొకటి, అది మాస్టర్. మాస్టర్ సాధారణంగా కంపెనీ చేతిలో ఉంటుంది. అప్పట్లో లింకిన్ పార్క్ వార్నర్ బ్రదర్స్‌లో, జే-జీ రాక్-ఎ-ఫెల్లా, డెఫ్ జామ్‌లో ఉండేవారు. పోటీ కంపెనీలు. అందుకే డిస్క్ మీద రెండు పక్షాల ముద్రలూ ఉంటాయి.

మళ్లీ రికార్డు చేస్తే పాత మాస్టర్ అవసరం తగ్గుతుంది, ఎందుకంటే ఆ ధ్వనిని వాడటం లేదు. కానీ మాటలూ బాణీ పాతవే, కాబట్టి వాటి రచయితలందరి అనుమతీ వాటాలూ తప్పవు. రెండు పాటలు కలిపితే రెండు రచయితల జాబితాలు కలుస్తాయి. ఒక పాటలో అప్పటికే శాంపిల్ ఉండి, ఆ ముక్క కొత్త దాంట్లోనూ వినిపిస్తే ఆ మూడోవారు కూడా పంక్తిలో కూర్చుంటారు.

ఆ మూడోవారు ఎంత దూరం నుంచి రాగలరో జే-జీ ‘బిగ్ పింపిన్’ చూపిస్తుంది. టింబలాండ్ తయారుచేసిన ఆ పాటలో వినిపించే ఆకర్షణీయమైన వరస, ఈజిప్టు స్వరకర్త బలీగ్ హమ్దీ 1957లో గాయకుడు అబ్దెల్ హలీం హఫెజ్ కోసం కట్టిన ‘ఖొసారా ఖొసారా’ లోది. 2001లో లక్ష డాలర్లు చెల్లించి హక్కు తీసుకున్నామని పాట చేసినవాళ్లు చెప్పారు. ఆ బాణీని అలా మార్చి వాడే అనుమతి అందులో లేదని, అది రచయిత నైతిక హక్కుకు భంగమని స్వరకర్త వారసుడొకరు 2007లో అమెరికా కోర్టుకు వెళ్లారు. వారసుడికి అమెరికాలో ఆ దావా వేసే అర్హత మిగల్లేదని 2015లో కోర్టు తేల్చింది. 2018లో అప్పీలు కోర్టు సమర్థించింది. డబ్బు హక్కు అమ్ముకున్నాక పాట గౌరవం మీద మాట్లాడే హక్కు మిగులుతుందా అన్న ప్రశ్నకు ఈజిప్టు చట్టం ఒక జవాబు, అమెరికా చట్టం మరో జవాబు ఇస్తాయి. నాకు ఈ తీర్పు చట్టప్రకారం అర్థమవుతుంది. ఆ వరస కట్టిన మనిషి పక్కన నిలబడి చూస్తే మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది.

## ఈపీయా, ఆల్బమా?

ఇది త్వరగా తేలిపోతుంది. నేటి యాప్‌ల లెక్కలో నాలుగు నుంచి ఆరు ట్రాకులు, 30 నిమిషాల లోపు ఉంటే అది ఈపీ. ఆరు ట్రాకులు, 21 నిమిషాలు అంటే ఇది ఈపీయే. కానీ బిల్‌బోర్డ్ 200 ఆల్బమ్‌లనూ ఈపీలనూ ఒకే పట్టికలో లెక్కిస్తుంది. ఆ పట్టికలో మొదటి స్థానం అందుకున్న తొలి ఈపీ 1994లో ఆలిస్ ఇన్ చెయిన్స్ తెచ్చిన ‘జార్ ఆఫ్ ఫ్లైస్’, రెండోది ఇదే. ఆల్బమ్ పట్టికలో గెలిచింది కాబట్టి జనం ఆల్బమ్ అంటారు. నిడివి చూసేవాళ్లు ఈపీ అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. కచేరీలో పట్టిన రికార్డు కాదు, స్టూడియోలో చేసింది కాబట్టి ‘స్టూడియో’ అన్న మాట కూడా నిలుస్తుంది.

## సృజనా, సరుకా?

వచ్చిన రోజుల నుంచే రెండు వాదాలున్నాయి.

ఒక వాదం ఇది: ఇందులో కొత్తగా రాసిన పాట ఒక్కటీ లేదు. టీవీ చానల్ అడిగితే చేసిన పని. ఇద్దరూ అప్పటికే లక్షల్లో అమ్ముడయ్యేవాళ్లు, ఒకరి శ్రోతలను మరొకరికి చూపించే ఏర్పాటు. ‘గ్రే ఆల్బమ్’లో ఉన్న తెగువ ఇందులో లేదు. డేంజర్ మౌస్ డ్రమ్ దెబ్బలను కూడా బీటిల్స్ రికార్డు నుంచే ఏరి కొత్త బీట్లు అల్లాడు, వీళ్లేమో ఒకరి చరణం తర్వాత మరొకరి పల్లవి పెట్టారు. ఈ విమర్శలో నిజం ఉంది. ‘ఇజ్జో/ఇన్ ది ఎండ్’ వింటుంటే నాకూ రెండు పాటలు వంతులు వేసుకున్నట్టే ఉంటుంది. ‘ఇన్ ది ఎండ్’ ఎంత కష్టపడ్డా చివరికి ఏమీ మిగల్లేదనే నిస్పృహ. ‘ఇజ్జో’ పైకొచ్చినవాడి పొగరు. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు.

రెండో వాదం: పాత మాటలే కొత్త అర్థం పలికితే అది సృజనే. ‘నమ్/ఆంకోర్’ చూడండి. ‘ఆంకోర్’లో వేదిక మీద ఉన్నవాడు జనాన్ని అడుగుతాడు, ఇంకోసారి పాడమంటారా అని. జనం కావాలంటారు. అదే పాట రెండో సగంలో మరో గొంతు వస్తుంది: మీరు కోరుకున్నట్టు ఉండి ఉండి అలసిపోయాను. విడిగా విన్నప్పుడు ఒకటి విజయగీతం, మరొకటి ఇంట్లోవాళ్ల ఆశల కింద నలిగే కుర్రాడి గోడు. పక్కపక్కన పెట్టగానే ఒకే మనిషి జీవితంలో రెండు గదుల్లా వినిపిస్తాయి. ముందు గదిలో చప్పట్లు, వెనక గదిలో అలసట. ఈ అర్థం ‘ఆంకోర్’లోనూ లేదు, ‘నమ్’లోనూ లేదు. కలిపితేనే పుట్టింది.

2006 ఫిబ్రవరిలో ఈ పాటకు ర్యాప్, గానం కలిసిన పాటల విభాగంలో గ్రామీ వచ్చింది. ఆ వేదిక మీద పాట ప్రదర్శిస్తుండగా పాల్ మెకార్ట్‌నీ వచ్చి ‘యెస్టర్‌డే’ కలిపి పాడాడు. అంతకు రెండేళ్ల ముందు బీటిల్స్ ధ్వనిని జే-జీ గొంతుతో కలిపినందుకు ఆపమన్న నోటీసు వచ్చింది. ఇప్పుడు బీటిల్స్ మనిషే స్వయంగా వచ్చి కలిశాడు. అదే కలయిక. తేడా అల్లా మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒప్పుకోవడంలోనే ఉంది.

2017 జూలైలో చెస్టర్ చనిపోయాడు. మరుసటి నెల ఇంగ్లండ్‌లో వీ ఫెస్టివల్ వేదిక మీద జే-జీ ఆయన్ని తలచుకుంటూ ఈ పాటే పాడాడు. సరుకు మాత్రమే అయితే పదమూడేళ్ల తర్వాత నివాళికి పనికొచ్చేది కాదని నా నమ్మకం.

## ఇదే పని తెలుగు పాటతో చేస్తే

పాత సినిమా పాట పల్లవికి కొత్త ర్యాప్ కలిపి యూట్యూబ్‌లో పెట్టిన తెలుగు కుర్రాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: పల్లవి మేమే మళ్లీ పాడాం కదా, కాపీ చేయలేదు కదా, అభ్యంతరం ఏమిటి? పైన చెప్పిన రెండు హక్కులే జవాబు. మళ్లీ పాడితే తప్పేది మాస్టర్ గొడవ. మాటలు, బాణీ మీది హక్కు అలాగే ఉంటుంది. యూట్యూబ్ కంటెంట్ ఐడీ అసలు ధ్వనినే కాదు, బాణీ పోలికను కూడా గుర్తుపట్టగలదు. గొంతు మారినా వరస మారదు కాబట్టి దొరికిపోవచ్చు.

మన కాపీరైట్ చట్టం, 1957లో 2012 సవరణతో 31సీ అనే సెక్షన్ చేరింది. ముందుగా తెలియజేసి, రాయల్టీ ముందే చెల్లిస్తే హక్కుదారు విడిగా ఒప్పుకోకపోయినా కవర్ వెర్షన్ చేసుకోవచ్చు. దీన్ని సగం విని చాలామంది పొరపడతారు. షరతులు గట్టివే. పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, సాంకేతికంగా తప్పని మార్పులు, హక్కుదారు ముందే ఒప్పుకున్న మార్పులు తప్ప మాటల్లో, సంగీతంలో ఏ మార్పూ చేయకూడదు.

ఆ చివరి షరతు దగ్గరే మాషప్ ఆగిపోతుంది. పాట మధ్యలో కొత్త చరణం పెట్టడం, మరో పాటతో పెనవేయడం అంటే మార్పే. అది కవర్ కాదు. 31సీ దానికి తలుపు తీయదు. 57వ సెక్షన్ కింద రచయితకు నైతిక హక్కు కూడా ఉంది: తన పేరుకు, ప్రతిష్ఠకు హాని కలిగేలా రచనను వక్రీకరిస్తే, హక్కులు అమ్మేసుకున్నా అభ్యంతరం చెప్పవచ్చు. బలీగ్ హమ్దీ వారసుడికి అమెరికాలో దొరకనిది ఇక్కడి చట్టంలో అక్షరాలా రాసి ఉంది. అందుకే తెలుగులో ‘కొలిజన్ కోర్స్’ లాంటిది చేయాలంటే సంగీత దర్శకుడు, గీత రచయిత, ఆడియో కంపెనీ, కొత్త ర్యాపర్ నలుగురి సంతకాలూ రికార్డింగ్‌కు ముందే ఒకే కాగితం మీద పడాలి. ఆ తర్వాతే ఏ వేగంలో పాడాలన్న ప్రశ్న వస్తుంది.